తడి నూలు

అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పగలవాళ్ళు కొత్తవాడలో నలభై ఇళ్ళవాళ్ళున్నారు. పదేళ్ళపాటు ఒక్కరూ నోరు విప్పలేదు.

అన్యాయం జరిగింది సిద్దిరాములుకు. జరిగిన తీరు ఇది. 1974 శ్రావణంలో అతడు జంపఖానా నేత సంఘం గోదాములో ఇరవై కిలోల నూలు తూకం వేయించుకుని తెచ్చుకున్నాడు. దసరా వెళ్ళాక, నేసిన జంపఖానాలను తీసుకుపోయి అదే కాటా మీద పెట్టాడు. తరుగు కింద సంఘం ఒప్పుకునే బరువు పోగా ఇంకా కిలోంబావు తగ్గింది. నూలు అమ్ముకున్నాడన్నారు. సర్వసభ్య సమావేశంలో నిలబెట్టి, దొంగ అని తీర్మానం రాసి, సభ్యత్వం తీసేశారు.

అతడు దొంగ కాడు. ఆ ఏడు గోదాము పైకప్పు ఎప్పటికంటే ఎక్కువగా కురిసింది. నూలు నీళ్ళు తాగింది. వానలు వెనుకబట్టి, మగ్గం మీద నేత సాగినకొద్దీ ఆ తడి ఆరిపోయింది. ఆరిపోయిన తడిని ఏ కాటా తూచగలదు? ఈ సంగతి కొత్తవాడలో ప్రతి నేతగాడికీ తెలుసు. తెలుసు గనుకనే, వానాకాలపు నూలుతో నేసిన సరుకును అప్పజెప్పే ముందు వాళ్ళు ఇంట్లో పరిచి, చెంబుడు నీళ్ళు తుంపరగా చల్లి, చుట్టచుట్టి ఒక పూట ఉంచేవారు. తరువాత కాటా మీద పెడితే ముల్లు నిక్కచ్చిగా నిలిచేది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు కూడా. సంఘం నీళ్ళు తూచి ఇచ్చింది, మేము నీళ్ళు తూచి తిరిగి ఇస్తున్నాము అన్నట్టుగా ఉండేవారు.

సిద్దిరాములు ఒక్కడే ఏనాడూ చల్లలేదు. మిగతా ఏళ్ళలో తగ్గిన కాస్తా సంఘం ఒప్పుకునే తరుగులోనే సరిపోయేది. నీళ్ళు కలిపినవాళ్ళందరి తూకమూ సరిపోయింది. కలపనివాడి తూకం తగ్గింది. తగ్గినవాడు దొంగయ్యాడు.

అతని భార్య శ్యామలమ్మకు చాలాకాలం సంఘం మీద కంటే మొగుడి మీదే ఎక్కువ కోపం ఉండేది. ఆ రోజు చెంబు పట్టుకుని నిలబడింది ఆమే.

"జర చల్లనియ్యి. అందరు చల్లుతాండ్లు" అని బతిమాలింది.

"నూలు వాళ్ళది, నేత నాది. నడుమ ఈ నీళ్ళు ఎవరియే?" అన్నాడతడు.

చెంబు తీసుకుపోయి ఆమె పెరట్లో బచ్చలి తీగ మొదట్లో పోసింది. ఒక్క చెంబు నీళ్ళు. మొగుణ్ణి అడగకుండా చల్లి ఉంటే తన సంసారం ఇట్లా అయ్యేదా అని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. నిజాయితీగల మనిషితో కాపురం చేయడం ఎంత బరువో అది చేసినవాళ్ళకే తెలుస్తుంది. బయటివాళ్ళు ఆ మనిషిని మెచ్చుకుని తమ దారిన తాము పోతారు.

జంపఖానా మగ్గం ఒంటి మనిషి పని కాదు. పెద్ద జంపఖానా నేయాలంటే బల్ల మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరి చేతి పోగు రెండోవారి చేతికి అందాలి. ఇద్దరి ఇనుప పంజాలూ ఒకే దెబ్బగా పోగును కిందికి దించాలి. ఎవరి దెబ్బ తేలికపడినా అక్కడ బట్ట వదులైపోతుంది. సిద్దిరాములు పక్కన అలా ఎనిమిదేళ్ళు కూర్చున్నవాడు పక్కింటి వెంకటరాజం. ఒక విడత ఇతని నూలు, ఒక విడత అతని నూలు. ఆ శ్రావణంలోనూ ఇద్దరూ ఒకే రోజు, ఒకే గోదాములో, చెరి ఇరవై కిలోలు తెచ్చుకున్నారు. ఒకే మగ్గం మీద, అవే నాలుగు చేతులతో నేశారు. వెంకటరాజం తూకం సరిపోయింది.

సమావేశంలో సిద్దిరాములు ఒక్క మాటే చెప్పాడు: "నూలు తడిది." అప్పటి అధ్యక్షుడు నవ్వి, "మరి అందరియి ఎట్ల సరిపోయినయ్?" అని అడిగాడు. సిద్దిరాములు తల తిప్పి ఆ నలభై మందినీ చూశాడు. జవాబు చెబితే నలభై మందినీ పట్టించినట్టే. అతడు చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళే చెబుతారనుకున్నాడు. అధ్యక్షుడు వెంకటరాజం వైపు తిరిగాడు. "నువ్వు పక్కన కూసోని నేసినవు గద. ఏమైందో నువ్వు చెప్పు."

వెంకటరాజం లేచి నిలబడి, "నాకు తెల్వదు" అన్నాడు. అని కూర్చున్నాడు.

మరునాటి నుంచి అతడు మగ్గం దగ్గరికి రాలేదు. ఇంకెవరూ రాలేదు. దొంగ పక్కన కూర్చుంటే తమ నూలు మీదా అనుమానం వస్తుందని భయం. మూడో రోజున శ్యామలమ్మ కొంగు బిగించి ఆ ఖాళీ చోట కూర్చుంది. పంజా పట్టడం నేర్చుకునేసరికి అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఆనాటి నుంచి ఆలుమగలిద్దరూ మట్టెవాడలోని ఒక దుకాణదారుకు నేస్తూ, అతడు ఇచ్చినంత పుచ్చుకుంటూ బతికారు.

పదేళ్ళు గడిచాయి. 1984 ఆగస్టులో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, సంఘం కార్యదర్శి సారంగపాణి గొడుగు ముడుచుకుంటూ వాళ్ళ ఇంట్లోకి వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, పదవికి కొత్త. పాత సంగతులు కాగితాల్లో చదివినవే తప్ప చూసినవి కావు.

"మంచి కబురు తెచ్చిన పెద్దమ్మా. సంఘం పెట్టి ఇరవై అయిదేండ్లయితాంది. కార్తీకంల పెద్ద మీటింగు పెడ్తానం. పాత కేసులన్నీ మాఫీ. పెద్దనాయిన మళ్ళ మెంబరయితడు. నూలు వస్తది, బీమా వస్తది. ఈడొక సంతకం పెడితె చాలు."

అతడు తెచ్చిన కాగితంలో ఇలా ఉంది: *నేను చేసిన తప్పునకు పశ్చాత్తాపపడుచున్నాను. నన్ను క్షమించి సభ్యునిగా తిరిగి చేర్చుకొనవలసినదిగా ప్రార్థించుచున్నాను.*

నాలుగో తరగతి చదివిన శ్యామలమ్మ దాన్ని కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. అప్పటికే సిద్దిరాములు పెన్ను అందుకున్నాడు.

"ఆగు. ఏం రాసిందో చదివినవా?" అంది.

"ఏం రాస్తె ఏందే? మట్టెవాడ సేటు వచ్చే నెల సంది మన సరుకు వద్దన్నడు. పవర్‌లూముయి చౌకగ దొరుకుతానయట. పంతానికి పోతె పొయ్యిల ఏం పెడ్తవు?"

"పదేండ్ల కింద వాళ్ళు రాసిండ్లు నువ్వు దొంగవని. ఇయ్యాల నీ చేతితోని నువ్వే రాసిస్తవా?"

"నేను దొంగనో కాదో నాకు తెల్వదా?"

"నీకు తెలిసింది, నాకు తెలిసింది. ఈ కాయితం చదివేటోనికి ఎట్ల తెలుస్తది?"

సిద్దిరాములు పెన్ను కింద పెట్టలేదు, కాగితం మీదా పెట్టలేదు. సారంగపాణి ఇబ్బందిగా కదిలాడు. "పెద్దమ్మా, ఇది ఉత్త ఫారం. అందరికి ఒక్కటే."

"తప్పు చేసినోని ఫారం ఇది బిడ్డా. చెయ్యనోనికి వేరే ఫారం ఉంటె తే. ఆయన ఇప్పుడే పెడ్తడు సంతకం."

అలాంటి ఫారం సంఘంలోనే కాదు, ఎక్కడా ఉన్నట్టు సారంగపాణి వినలేదు. అతడు గొడుగు పట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆలుమగల మధ్య మాటలు లేవు. పంజాలు మాత్రం తప్పకుండా కలిసి పడ్డాయి.

క్షమ చల్లని మాట. కానీ తప్పు చేయనివాడి నెత్తిన పెట్టిన క్షమకూ, పదేళ్ళనాటి నిందకూ తేడా లేదు. ఆ నింద సభలో వేశారు, ఈ క్షమను అతని చేతనే రాయించుకుంటారు. ఈ మాట శ్యామలమ్మ ఇలాంటి వాక్యాల్లో ఆలోచించలేదు. మొగుడు చేతిలో పెన్ను పట్టుకుని వంగిన తీరు ఆమెకు మింగుడుపడలేదు, అంతే. వారం తిరగకుండానే ఆమె సంఘం ఆఫీసుకు వెళ్ళింది.

"ఒక్క పని చెయ్యి బిడ్డా. గోదాము కప్పు ఇప్పటికి గూడ కురుస్తాంది. గోదాముల నుంచి అయిదు కిలోల కట్ట తీసి ఇప్పుడు తూకం వెయ్యి. నీ చేతితోని సీలు వేసి, నీ గదిల దూలానికి కట్టు. కార్తీకం మీటింగుల మళ్ళ తూకం వెయ్యి. నన్ను ముట్టనియ్యకు."

సారంగపాణి చదువుకున్నవాడు. అడిగిన దాని అంతరార్థం వెంటనే గ్రహించాడు. కట్ట తూచాడు. నిండా అయిదు కిలోలు. సీలు వేసి దూలానికి కట్టించాడు. తరువాత తలగోక్కుంటూ, "తక్కువైందనుకో, నూలు ఆరుతదని రుజువైతది. మరి మిగిలినోళ్ళయి ఎట్ల సరిపోయినయని అడిగితె ఎవరు చెప్తరు పెద్దమ్మా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఉన్న ఇల్లు ఆమె ఇంటి గోడకు ఆనుకునే ఉంది. పదేళ్ళుగా ఆమె ఆ గడప తొక్కలేదు.

వెంకటరాజం ఇప్పుడు సంఘం పాలకవర్గంలో ఒకడు. భార్య విమలమ్మ అరుగు మీద కండెలు చుడుతోంది. శ్యామలమ్మను చూసి చేయి ఆపింది. "ఏందో వదినె, తొవ్వ మర్చిపోయి వచ్చినవా?"

"తొవ్వ గుర్తుకొచ్చే వచ్చిన వదినె. అన్న ఉన్నడా?"

వెంకటరాజం లోపలి నుంచి వచ్చాడు. కూర్చోమని అనడానికి నోరు తెరిచి, అనలేక నిలబడ్డాడు. శ్యామలమ్మ తానే పీట లాక్కుని కూర్చుంది.

"అన్నా, నీ కాడ మాదొక బాకీ ఉన్నది."

"బాకీయా? నేనెప్పుడు తీసుకున్న చెల్లే?"

"నిన్నొక మాట అడిగిండ్లు ఆనాడు. జవాబు ఇయ్యలే నువ్వు. గదే బాకీ."

అతని ముఖం వాడిపోయింది. "చెల్లే, నువ్వు ఒక్క ఇంటి సంగతి చూస్తానవు. నేను నలబై ఇండ్ల సంగతి చూడాలె. అందరు నీళ్ళు చల్లిండ్లని చెప్తె ఏమైతది? సంఘం పేరు పోతది. కాంట్రాక్టులు పోతయి. నలబై కుండలు పొయ్యి దిగుతయి. అది న్యాయమేనా?"

ఆ మాట శ్యామలమ్మకు గుచ్చుకుంది. అందులో నిజం లేకపోలేదు. నలభై ఇళ్ళలో ముసలివాళ్ళున్నారు, చంటిపిల్లలున్నారు. వాళ్ళెవరూ ఆమెకు అపకారం చేయాలని చేయలేదు. తమ కూడు తాము కాపాడుకున్నారు. అయితే ఆ కూడు కాపాడుకునే పనికి ఎవరో ఒకరు పస్తుండవలసి వచ్చింది. ఎవరు పస్తుండాలో ఎవరూ అడిగి నిర్ణయించలేదు. మాట్లాడకుండా కూర్చున్నందువల్ల దానంతటదే నిర్ణయమైపోయింది.

"నలబై ఇండ్ల నీళ్ళు ఒక్కని నెత్తిన పోసిండ్లు. ఆయన పదేండ్లు మోసిండు, ఎవని పేరు చెప్పలే. మోసేటోడు ఒక్కడైతె న్యాయం, నలుగురు పంచుకుంటె అన్యాయమా అన్నా?" అంది.

వెంకటరాజం నేల చూశాడు. విమలమ్మ కండె పక్కన పడేసి మొగుడి మీదికి తిరిగింది.

"చెప్పరాదు? నోట్ల బెల్లం పెట్టుకున్నవా? వదినె, ఈయన పదేండ్ల సంది ఎవని పక్కన కూసున్నా పంజా దెబ్బ కలుస్తలేదు. ముగ్గురు మారిండ్లు జోడి. తప్పు వాళ్ళదని వాళ్ళ మీద ఎగురుతడు."

"నువ్వు ఊకో!"

"ఊకోను. ఆనాడు చెంబుతోని చల్లింది నేనే గద! మా ఇంట్ల జంపఖానా తడిసింది, వాళ్ళ ఇల్లు మునిగింది. నువ్వు చెప్పకుంటె నేను పోయి చెప్త. ఆడోళ్ళను మీటింగుల రానియ్యరా? బయట నిలబడి ఒర్రుత."

శ్యామలమ్మ లేచింది. ఇంకేమీ అడగలేదు. ఇంటికి వస్తూ తన మనసును తానే నిలదీసి చూసుకుంది. వెంకటరాజాన్ని కూడా సభలో నిలబెట్టి సిగ్గుపడేలా చేయాలని తనకు లేదా? ఉంది. ఎన్నో రోజులు ఆ దృశ్యాన్ని ఊహించుకుని తృప్తిపడింది. అతని కుండ కూడా పొయ్యి దిగాలని కోరుకుంది. కానీ అతని కుండ దిగితే తన కుండ పొయ్యెక్కుతుందా? మొగుడి పేరు మీది మరక ఇంకొకడి పేరుకు పూస్తే పోయేది కాదు. తనకు కావలసింది ఇంకొక దొంగ కాదు. పదేళ్ళ కింద ఏ ప్రశ్న అడిగారో, అదే ప్రశ్న, అందరి ముందూ మళ్ళీ అడగాలి. జవాబు రావాలి. అంతకు ఎక్కువ అడిగితే ఆశ, తక్కువకు ఒప్పుకుంటే బిచ్చం.

మూడు నెలలు గడిచాయి. మట్టెవాడ దుకాణదారు చెప్పినట్టే సరుకు తీసుకోవడం మానేశాడు. ఇంట్లో మిగిలిన నూలుతో చిన్న ఆసనాలు నేసి శ్యామలమ్మ బజారులో పరుచుకుని అమ్మింది. సిద్దిరాములు రెండుసార్లు ఆ ఫారం సంగతి ఎత్తబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. మూడోసారి ఎత్తినప్పుడు మాత్రం గట్టిగానే అన్నాడు:

"వాళ్ళు చెప్పకుంటె ఏం చేస్తవు?"

"చెప్పకుంటె చెప్పరు. నువ్వు సంతకం పెట్టలేదన్న మాటన్న మిగుల్తది."

కార్తీకంలో, ఎండ బాగా కాస్తున్న ఒక ఉదయం, సమావేశం జరిగింది. సంఘం హాలులో నలభై మందికి పైగా కూర్చున్నారు. సహకార శాఖ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు కూడా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. అతడు వస్తాడని శ్యామలమ్మకు తెలియదు. అధికారి ముందు ఎవరు నోరు విప్పుతారు? విమలమ్మ ఆమె పక్కనే గుమ్మంలో నిలబడింది. సిద్దిరాములు వెనుక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సభ్యుడు కాని మనిషి కూర్చోవడానికి లేదు.

మాఫీల జాబితా చదవడం అయ్యాక సారంగపాణి లేచాడు. దూలానికి కట్టిన కట్టను దింపించి, వానల్లో కురుస్తున్న గోదాము నుంచి తీసిందని చెప్పి, సీలు అందరికీ చూపించి, కాటా మీద పెట్టాడు. నాలుగు కిలోల ఏడు వందల గ్రాములు.

"మూడు వందల గ్రాములు తక్కువొచ్చింది. అయిదు కిలోలకే ఇంత. ఇరవై కిలోలకు కిలోంబావు దాక వస్తది. సిద్దిరాములు పెద్దనాయిన మీద రాసింది గూడ అంతే" అన్నాడు.

హాలులో కలకలం రేగింది. పాలకవర్గంలో పెద్దవాడైన పోశయ్య లేచి కండువా దులిపాడు. "ఎప్పటి ముచ్చటయ్యా ఇది? మాఫీ ఇస్తమంటె పుచ్చుకోవాలె. వద్దని పంచాయితి పెడ్తరా? ఎవని తూకం తగ్గలే, ఆయనదొక్కనిదే తగ్గింది."

ఇన్‌స్పెక్టరు కళ్ళద్దాలు సవరించుకుని, కుతూహలంగా అడిగాడు: "నాకు అర్థం కాలేదండీ. నూలు అందరికీ అదే గోదాము నుంచి ఇచ్చారు కదా? ఆరితే అందరిదీ తగ్గాలి. మరి మిగిలినవాళ్ళవి ఎలా సరిపోయాయి?"

ఆ ప్రశ్న ఎంత పాతదో ఆయనకు తెలియదు. పోశయ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. నలభై మంది తలలు వంగాయి. వెనుక గోడ దగ్గర సిద్దిరాములు, పదేళ్ళ కింద చూసినట్టే, ఒక్కొక్కరినీ చూశాడు. ఇప్పుడూ నోరు విప్పలేదు. శ్యామలమ్మ గుమ్మం చెక్కను గట్టిగా పట్టుకుంది. ఆ నిశ్శబ్దం ఇంకాస్త సాగితే చాలు, మళ్ళీ దానంతటదే తీర్మానమైపోతుంది.

వెంకటరాజం లేచాడు.

"సారూ, ఆనాడు నన్నడిగిండ్లు ఈ మాట. తెల్వదన్న. అబద్ధం చెప్పిన. నాకు తెలుసు. నేను ఆయన పక్కన కూసోని ప్రతి పోగు చూసిన. ఒక్క చిలప నూలు గూడ బయటికి పోలే. నాది సరిపోయిందంటె, నీళ్ళు చల్లి సరిపోయింది. చల్లుమని బావకు నేనే చెప్పిన. ఆయన చల్లలే. చల్లినోన్ని నేను సభల కూసున్న, చల్లనోన్ని నిలబెట్టిండ్లు. ఇంకొకల పేరు నేను చెప్ప. నాది నేను చెప్తాన."

గుమ్మంలోంచి విమలమ్మ గట్టిగా అంది: "చెంబు నాది! అది గూడ రాసుకోండ్లి."

ఎవరో నవ్వారు. నవ్వు పూర్తికాకముందే మూడో వరుసలో ఒక ముసలివాడు లేచి, "మేం గూడ చల్లినం" అని కూర్చున్నాడు. తరువాత ఇంకొకడు. తరువాత ఇద్దరు. అందరూ లేవలేదు. పోశయ్య చివరిదాకా లేవలేదు. నిలబడ్డవాడు మెల్లగా కూర్చున్నాడు, అంతే. లేచినవాళ్ళు పదిహేడు మంది.

ఇన్‌స్పెక్టరు కాగితాలు దగ్గరికి తీసుకుని, "గోదాము కప్పు బాగుచేయించండి. వానాకాలానికి తరుగు వేరే పెట్టుకోండి. నేను ఈ సంగతి రాయక తప్పదు. ఎలా రాయాలో ఆలోచిస్తాను" అన్నాడు. దాని ఫలితం ఏమవుతుందో ఆ పూటకు ఎవరికీ తెలియదు. హాలులో భయం ఉంది. శ్యామలమ్మకూ ఉంది.

సారంగపాణి తీర్మానాల పుస్తకం తెరిచి రాస్తూ పైకి చదివాడు: "సిద్దిరాములు గారి తప్పును క్షమించి..."

"ఏం తప్పు బిడ్డా?" అంది శ్యామలమ్మ.

అతడు నాలుక కరుచుకుని ఆ వాక్యం కొట్టేశాడు. మళ్ళీ రాశాడు. ఈసారి నిలబడి చదివాడు: "1974లో సిద్దిరాములు గారిని దొంగ అని ఈ సంఘం చేసిన తీర్మానం అబద్ధము. ఆయన ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసిన సంఘము ఆయనను క్షమాపణ కోరుచున్నది."

వెంకటరాజం వరుసలు దాటుకుని వెనుక గోడ దగ్గరికి వచ్చాడు. చేతులు జోడించబోతే సిద్దిరాములు వాటిని పట్టుకుని కిందికి దించాడు.

"బాకీ ముట్టిందా బావా?" అన్నాడు వెంకటరాజం, తలెత్తకుండా.

సిద్దిరాములు గుమ్మంలో నిలబడిన భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"ముట్టింది బావా. ఏం మిగల్లే. మొత్తం ముట్టింది."